కిలోమీటరు దూరానికి నడకా, స్కూటీయా, కారా?

కొత్తిమీర కట్టకి స్కూటీ. ట్యూషన్‌కి స్కూటీ. వీధి చివర మెడికల్ షాపుకీ స్కూటీయే. మన ఊళ్ళలో నడకకి అసలు పోటీ కారు కాదు, గేటు లోపల సైడు స్టాండు వేసి ఉన్న ఈ బండి. కారు తీయాలంటే కాస్త బద్ధకం అడ్డొస్తుంది, స్కూటీకి ఆ అడ్డు కూడా లేదు. అందుకే నడక, కారు అని రెండే పెట్టి పోలిస్తే తెలుగు ఇళ్ళకి పెద్దగా పనికి రాదు. మూడింటినీ పక్కపక్కన పెట్టాలి. అదీ "నడక మంచిదా, బండి మంచిదా" అని గుండుగుత్తగా కాదు, ఇంట్లో రోజూ జరిగే ఒక్కో ప్రయాణాన్నీ విడిగా తీసి.

ముందు వారం రోజుల లెక్క

ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించండి. వారం పాటు ఇంట్లోంచి ఎవరు బయటికెళ్ళినా నాలుగు ముక్కలు రాయాలి: ఎక్కడికి, ఎంత దూరం, ఎవరెవరు వెళ్ళారు, ఏం మోసుకొచ్చారు. ఆఫీసు ప్రయాణం పక్కన పెడితే, బస్తీలోనో కాలనీలోనో ఉండే కుటుంబానికి ఈ జాబితాలో చాలా భాగం కిలోమీటరున్నర లోపే తేలుతుంది. పాలు, కూరలు, బడి, ట్యూషన్, గుడి, ఏటీఎం, టైలరు.

దూరం చూసేటప్పుడు ఫోన్ మ్యాపులో కారు గుర్తు కాకుండా నడక గుర్తు నొక్కి చూడండి. హైదరాబాద్ పెద్ద రోడ్ల మీద చాలా చోట్ల కూడళ్ళు మూసేసి యూ టర్న్‌లు పెట్టారు కాబట్టి, ఎదురుగా కనిపించే షాపుకి కూడా కారు కిలోమీటరు పైగా తిరిగి రావాల్సి వస్తుంది. కాలినడకన అదే 300 మీటర్లు. దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. మ్యాపు చూపించే దారి రైలు పట్టాల మీదుగానో, డివైడర్ దూకే చోటనో ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి. అది దారి కాదు.

సమయం విషయంలో నిజాయితీగా

పెద్దవాళ్ళు మామూలుగా గంటకి నాలుగున్నర, ఐదు కిలోమీటర్లు నడుస్తారు. అంటే కిలోమీటరుకి 12, 13 నిమిషాలు. ఆరేడేళ్ళ పిల్ల పక్కన ఉంటే 17 నుంచి 20. మోకాళ్ళ నొప్పులున్న నాన్నమ్మతో అయితే 20 పైనే.

అదే కిలోమీటరు కారులో నాలుగు నిమిషాలే అనిపిస్తుంది. సెల్లార్‌లోంచి బండి తీయడం, ముందు అడ్డంగా పెట్టిన పక్కింటివాళ్ళ బైకు జరపడం, సిగ్నలు, అక్కడికెళ్ళాక పార్కింగ్ వెతకడం కలిపి గుమ్మం నుంచి గుమ్మానికి చూస్తే 10 నిమిషాలు దాటడం మామూలే. కాబట్టి కిలోమీటరు లోపు కారుకి నడక మీద చెప్పుకోదగ్గ ఆధిక్యం లేదు.

స్కూటీ సంగతి వేరు. అది ఐదారు నిమిషాల్లో చేర్చేస్తుంది. "నడిస్తే టైము కలిసొస్తుంది" అని స్కూటీ ఉన్నవాళ్ళకి చెబితే నవ్వుతారు, నవ్వడం న్యాయమే. కిలోమీటరుకి ఏడు నిమిషాలు నడక ఎక్కువ తీసుకుంటుంది. అడగాల్సింది ఆ ఏడు నిమిషాలకి ఏం తిరిగొస్తుందని. సాయంత్రం విడిగా అరగంట వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళు ఆ అరగంటనే బడికీ బజారుకీ పంచేస్తే, రోజు మొత్తం మీద పోయిన సమయం ఏమీ లేదు. పార్కులో నడవడానికి కారేసుకుని వెళ్ళేవాళ్ళకైతే మిగులే.

పెట్రోలు లెక్క

హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు సుమారు 107 రూపాయలు అనుకోండి. చిన్న చిన్న దూరాలకి కారు లీటరుకి 10 కిలోమీటర్లిస్తే గొప్ప. రానూపోనూ 2 కిలోమీటర్ల ప్రయాణానికి 21 రూపాయలు. రోజుకి నాలుగు, నెలకి 26 రోజులు వేసుకుంటే 2,200 దాటుతుంది. స్కూటీ లీటరుకి 40 ఇస్తే అవే ప్రయాణాలకి 560 రూపాయల దాకా అవుతుంది. నెలకి ఐదారు వందలు మిగులుతాయని స్కూటీ మానేవాళ్ళు అరుదు. కారు మానడానికి మాత్రం డబ్బు గట్టి కారణమే.

పెట్రోలు కన్నా పైకి కనపడని నష్టం ఇంకోటుంది. చల్లగా ఉన్న ఇంజను వేడెక్కేలోపే కిలోమీటరు ప్రయాణం అయిపోతుంది. ఇంధనం మండినప్పుడు పుట్టే తేమ ఆవిరై పోవాలంటే ఆయిల్ బాగా కాగాలి. కాగకపోతే ఆ తేమ ఆయిల్‌లోనే ఉండి దాన్ని పాడుచేస్తుంది, సైలెన్సర్‌ని లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. స్టార్టరు లాగేసిన ఛార్జి బ్యాటరీకి తిరిగి ఎక్కదు. పొగని శుభ్రం చేసే కన్వర్టర్ వేడెక్కాకే పని చేస్తుంది కాబట్టి, ఆ మొదటి రెండు కిలోమీటర్లలో వచ్చేదే అన్నిటికన్నా మురికి పొగ. అది మన వీధిలోనే వదులుతాం.

బీఎస్ 6 (పొగ మీద కొత్త ప్రభుత్వ ప్రమాణం) డీజిల్ కారున్నవాళ్ళకి ఇంకా ఇబ్బంది. మసిని పట్టే ఫిల్టర్ తనని తాను కాల్చుకుని శుభ్రపడాలంటే కారు కాసేపు హైవే వేగంతో ఆగకుండా నడవాలి. రోజూ కూరగాయలకే తిరిగే డీజిల్ కారుకి ఆ అవకాశం రాదు, ఫిల్టర్ మూసుకుపోయి డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. అలాంటి కారుకి చిన్న ప్రయాణాలు మాన్పించడమే మందు.

ఒంటికి ఏం ఒరుగుతుంది, ఏం ఒరగదు

ముందు ఒరగనిది చెప్పుకుందాం. 60 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 105 కేలరీలు. ఊరికే కూర్చున్నా అందులో మూడో వంతు ఖర్చవుతుంది. నికరంగా మిగిలేది 70. ఒకటి రెండు మిరపకాయ బజ్జీలతో అది పూడిపోతుంది. బరువు తగ్గడం కోసమే స్కూటీ మానితే రెండు నెలల్లో విసుగొచ్చి మళ్ళీ ఎక్కుతారు.

ఒరిగేది షుగరు విషయంలో. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అంచనా ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటే. అన్నం తిన్న తర్వాత రక్తంలో చక్కెర పెరిగే సమయంలో కాలి కండరాలు పని చేస్తే, ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే అవి చక్కెరని లాక్కుంటాయి. భోజనమయ్యాక 10, 15 నిమిషాల నడకకి ఆ గుణం ఉంది. అంటే ఒకే పనిని ఏ వేళకి పెట్టుకున్నామన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. పెరుగు తేవడమో, మందులు తేవడమో, ఇస్త్రీ బట్టలు ఇచ్చి రావడమో రాత్రి భోజనం తర్వాతకి మార్చండి. పరగడుపున గంట నడవడం కుదరని ఇల్లాలికి ఇది కుదురుతుంది.

పెద్దలకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతాయి. వరసగా పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అన్న పాత షరతు అందులో లేదు. ఏడు నిమిషాలు నడిచి కిరాణా కొట్టుకెళ్ళి, ఏడు నిమిషాల్లో తిరిగొస్తే 14 నిమిషాలూ లెక్కే. అయితే వేగం ఉండాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడదామంటే ఊపిరి చాలకూడదు. అదీ కొలత. బేరాలాడుతూ బజారులో గంట తిరగడం ఇందులోకి రాదు. ఇక పదివేల అడుగుల లెక్కంటారా, అది 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి పుట్టింది. దానికి చేరలేదని మనసు పాడుచేసుకోనక్కర్లేదు.

జాగ్రత్త పడాల్సినవాళ్ళున్నారు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో ఎక్కువ దూరం నడిస్తే చక్కెర పడిపోవచ్చు. జేబులో గ్లూకోజు పొడో నాలుగు చక్కెర బిళ్ళలో ఉండాలి. పాదాల్లో తిమ్మిరి, స్పర్శ తగ్గడం ఉన్నవాళ్ళు చెప్పులు లేకుండా నడవకూడదు, మొక్కుబడి ప్రదక్షిణలు కూడా ఎండకి కాలిన బండల మీద వద్దు. ఇంటికొచ్చాక అరికాళ్ళు చూసుకోవాలి. నడిస్తే ఛాతీ పట్టేసి ఆగితే తగ్గుతున్నా, పిక్కలు పట్టేసి ఆగితే వదులుతున్నా అది వయసు కాదు, డాక్టరుకి చూపించాల్సిన లక్షణం.

బడి ప్రయాణం

ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే, ఎందుకంటే ఇది ఏడాదికి 200 రోజులకి పైగా, రోజుకి రెండుసార్లు జరుగుతుంది. ఐదేళ్ళ నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున గంట శ్రమ కావాలి. కిలోమీటరు దూరంలో బడి ఉంటే రానూపోనూ అందులో సగం అక్కడే తీరిపోతుంది. పగటి వెలుతురులో ఆరుబయట గడిపే సమయం ఎక్కువైతే పిల్లల్లో దూరంగా ఉన్నవి మసకగా కనపడే సమస్య (మయోపియా) మొదలయ్యే అవకాశం తగ్గుతుంది. రోజుకి రెండు గంటలు మంచిదంటారు కంటి వైద్యులు. బడి, ట్యూషన్, ఫోను మధ్య ఆ రెండు గంటలు ఎక్కడ దొరుకుతాయో చూస్తే, నడక విలువ తెలుస్తుంది.

విద్యా హక్కు నిబంధనల్లో ప్రాథమిక బడి కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత బడి 3 కిలోమీటర్ల లోపు ఉండాలని రాసుకున్నది పిల్లలు నడిచి వెళ్తారనే. మనం 8 కిలోమీటర్ల అవతలి బడి ఎంచుకున్నాక నడక ప్రశ్నే ఉండదు. కొత్తగా బడి వెతుకుతున్నవాళ్ళు ఫీజుల పట్టికలో దూరాన్నీ ఒక గడిగా వేసుకోండి.

వయసుని బట్టి దూరం ఇలా పెట్టుకోవచ్చు. మూడు నాలుగేళ్ళ పిల్లలు అర కిలోమీటరు దాటితే ఎత్తుకోమంటారు. ఐదు నుంచి ఏడేళ్ళకి కిలోమీటరు. ఎనిమిది నుంచి పదేళ్ళకి కిలోమీటరున్నర. ఆపైన రెండు కిలోమీటర్లు. తొమ్మిది, పదేళ్ళ దాకా పిల్లలు ఎదురొచ్చే బండి వేగాన్ని సరిగ్గా అంచనా కట్టలేరు కాబట్టి, ఎంత హుషారైన పిల్లలైనా పెద్ద రోడ్డు దాటేటప్పుడు పక్కన ఒక పెద్ద ఉండాల్సిందే.

నడక ఆగిపోయేది చాలా ఇళ్ళలో సంచి దగ్గరే. 2020 స్కూలు బ్యాగు విధానం ప్రకారం సంచి బరువు పిల్ల బరువులో పదో వంతు మించకూడదు. 22 కిలోల పిల్లకి 2.2 కిలోలు. ఒకసారి తూకం వేయండి, అందులో కిలో నీళ్ళ సీసాయే ఉంటుంది. బడిలో మంచినీళ్ళు నమ్మకమైనవైతే సీసా ఖాళీగా పంపండి. రెండు పట్టీలూ భుజాలకి బిగుతుగా ఉండి, సంచి అడుగు నడుము దాటి జారకూడదు. అయినా బరువు తగ్గకపోతే పుస్తకాలు తాతయ్య చేతిలో, పిల్ల ఖాళీ చేతుల్తో. అదేమీ పరువు తక్కువ కాదు.

రెండో అడ్డంకి ఆలస్యం. ఏడు నిమిషాలు ఎక్కువ పడుతుందని తెలిసి కూడా స్కూటీ రోజుల్లో బయల్దేరిన వేళకే బయల్దేరతారు, రెండు రోజులు బెల్లు కొట్టాక చేరతారు, మూడో రోజు తాళంచెవి తీస్తారు. బూట్లు, బెల్టు, హోంవర్క్ సంతకం రాత్రే అయిపోవాలి. బయల్దేరే వేళని పది నిమిషాలు ముందుకి జరపాలి. ఒకే అపార్ట్‌మెంటులో నాలుగైదు కుటుంబాల పిల్లలు ఒకే బడికెళ్తుంటే వంతులు వేసుకోండి. ఇద్దరు పెద్దలు, ఎనిమిది మంది పిల్లలు, ఒకరు ముందు, ఒకరు వెనక. ఒక్కో తల్లికీ తండ్రికీ వారంలో ఒకటి రెండు రోజులే పడుతుంది.

స్కూటీనే వాడాలనుకుంటే చట్టం చెప్పేది కూడా పాటించాలి. నడిపేవాళ్ళు కాక వెనక ఒక్కరే. నాలుగేళ్ళు దాటిన ప్రతి పిల్లకీ హెల్మెట్. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి హెల్మెట్‌తో పాటు నడిపేవాళ్ళకి కట్టే బెల్టు, వేగం గంటకి 40 లోపు. ముందు పాదాల దగ్గర పిల్లని నిలబెట్టి తీసుకెళ్ళడం అన్నిటికన్నా ప్రమాదం. గట్టిగా బ్రేకు పడితే ఛాతీ, మొహం హ్యాండిల్‌కి కొట్టుకుంటాయి, వెనక నుంచి పెద్దవాళ్ళ బరువంతా మీద పడుతుంది. ఇద్దరు పిల్లల్ని ఒకే స్కూటీ మీద దింపే ఇంటికి నిజానికి ఉన్నవి రెండే దార్లు, నడక లేదా ఆటో. పదో తరగతి పిల్లాడికి బండి ఇచ్చి పంపితే శిక్ష పడేది పెద్దవాళ్ళకి. 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు.

రోడ్డు బాగోకపోతే

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు 33 వేల మంది నడిచి వెళ్తున్నవాళ్ళు, 75 వేల మంది దాకా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు. ఈ రెంటిలో ఏదీ పూచీ ఉన్న ఎంపిక కాదు. అందుకే దారి ఎంపిక దూరం కన్నా ముఖ్యం. ఫుట్‌పాత్‌లో నడిచే జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. మన వీధుల్లో ట్రాన్స్‌ఫార్మర్, పానీపూరీ బండి, మొక్కల కుండీ పోను మిగిలేది ఎంతో తెలిసిందే. 200 మీటర్లు ఎక్కువైనా లోపలి గల్లీల దారి పట్టండి. బండ్ల వేగం తక్కువ, పొగ తక్కువ, నీడ ఎక్కువ.

ఫుట్‌పాత్ లేని చోట రోడ్డుకి కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనపడేలా నడవాలి. పిల్ల గోడ వైపు, పెద్దవాళ్ళు బండ్ల వైపు. చిటికెన వేలు ఇస్తే పిల్ల ఒక్క గుంజుతో జారిపోతుంది, మణికట్టు పట్టుకోండి. వన్ వే అయినా రెండు వైపులా చూడాలి, రాంగ్ రూట్ బైకులు వచ్చేది అటు నుంచే. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి దాటకూడదు, దాని పక్క నుంచి దూసుకొచ్చే బండికి మీరు కనపడరు. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపుల దగ్గర ఒక్క క్షణం ఆగండి, పైకి ఎక్కుతున్న కారు డ్రైవరుకి బానెట్టు తప్ప ఏమీ కనపడదు. కరెంటు బండ్లు చప్పుడు చేయవు కాబట్టి చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.

వీధి కుక్కలు వెంటపడితే పరుగెత్తకండి. నిలబడి, సంచి అడ్డం పెట్టుకుని, మెల్లగా పక్కకి జరగాలి. కరిస్తే ధార నీళ్ళతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. చిన్న గీరే కదా అని వదలకూడదు.

ఎండ, వాన, పొగమంచు

మార్చి చివర నుంచి జూన్ మొదటి వారం దాకా పగలు 11 నుంచి 4 మధ్య పిల్లల్నీ, 60 దాటినవాళ్ళనీ నడిపించకండి. ఆ వేళల్లో కారే సరైనది, ఎండలో స్కూటీ కూడా కాదు. తెలంగాణ ఎండకి చెమట వెంటనే ఆరిపోయి ఎంత నీరు పోయిందో తెలియదు. విజయవాడ, రాజమండ్రి ఉక్కపోతలో చెమట ఆరక ఒళ్ళు చల్లబడదు. రెండు చోట్లా బయల్దేరే ముందే గ్లాసుడు ఉప్పు మజ్జిగ తాగాలి, దాహం వేసేదాకా ఆగకూడదు.

వానలో నీళ్ళు నిలిచిన రోడ్డు మీద నడవద్దు. కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉందో, కరెంటు తీగ పడిందో కనపడదు. ఆ రోజుకి ఆటో పిలవండి.

చలికాలం తెల్లవారుజామున పొగ, దుమ్ము నేలకి దగ్గరగా నిలిచిపోతాయి. స్వచ్ఛమైన గాలి అనుకుని ఐదింటికే వెళ్ళేకన్నా ఎండ పొడ వచ్చాక వెళ్ళడం మేలు. గాలి ఎంత మురికిగా ఉందో చెప్పే ఏక్యూఐ అంకె 200 దాటిన రోజు ఉబ్బసం ఉన్న పిల్లల్ని రద్దీ రోడ్ల వెంట నడిపించకూడదు.

మోత బరువు

రెండు చేతులకీ మూడేసి కిలోలు, కిలోమీటరు దాకా ఇబ్బంది లేదు. ఒకే చేతికి ఆరు కిలోలైతే భుజం, మెడ పట్టేస్తాయి. రైతు బజారు నుంచి వారం కూరలు ఒకేసారి తేవాలంటే చక్రాల సంచి కొనుక్కోండి, చక్రం వ్యాసం 15 సెంటీమీటర్లయినా ఉండాలి. చిన్న చక్రాలు మన గుంతల్లో ఇరుక్కుని మొదటి నెలలోనే ఊడతాయి. లేదా కొనే తీరు మార్చండి. ఆకుకూరలు, టమాటాలు రెండు రోజులకోసారి నడిచి వెళ్ళి, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, బియ్యం బస్తా నెలకోసారి కారులో. ఫ్రిజ్ అడుగున కుళ్ళే కూరలు కూడా తగ్గుతాయి.

కాళ్ళకి మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులో, బూట్లో ఉండాలి. హవాయి చెప్పు ఊడకుండా వేళ్ళు బిగపట్టి నడవాల్సి వస్తుంది, తడి నేల మీద జారుతుంది. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు వేలెడు వెడల్పు ఖాళీ ఉండాలి.

దూరం ఎక్కువైతే

రెండు కిలోమీటర్లు దాటితే నడక, బస్సు కలిపి చూడండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి నిర్ణీత ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం. ఇంటి నుంచి స్టాపుకి 500 మీటర్లు, దిగాక ఆఫీసుకి 300 మీటర్లు ఉంటే రోజుకి 1.6 కిలోమీటర్లు, అంటే 20 నిమిషాల నడక. ఐదు రోజులకి 100 నిమిషాలు. కావాల్సిన 150లో మూడింట రెండు వంతులు ఉద్యోగానికి వెళ్ళి రావడంలోనే తీరిపోతాయి.

ఇక మీ కాగితం తీయండి

ఫ్రిజ్ మీది జాబితాలో కిలోమీటరు లోపు, ఆరు కిలోల లోపు మోత, గల్లీ దారి ఉన్నవన్నీ నడకకి టిక్కు పెట్టండి. కిలోమీటరు నుంచి రెండు కిలోమీటర్లు, ఒంటరిగా, తొందరగా వెళ్ళాల్సినవి స్కూటీకి. నలుగురు కలిసి వెళ్ళేవి, జబ్బు మనిషితో వెళ్ళేవి, మధ్యాహ్నపు ఎండవి, బస్తాలవి కారుకి. హైవే దాటాల్సి వచ్చి ఫుట్ ఓవర్ బ్రిడ్జి లేని చోటు అర కిలోమీటరే అయినా నడకకి వద్దు.

టిక్కు పెట్టినవన్నీ సోమవారం నుంచే మొదలుపెట్టకండి. ఒక్కటి ఎంచుకోండి, రాత్రి భోజనం తర్వాత పెరుగు ప్యాకెట్టు లాంటిది. మూడు వారాలు నిలబడ్డాక బడి నుంచి తిరిగి రావడం కలపండి. పొద్దున వెళ్ళడం కన్నా సాయంత్రం రావడం తేలిక, బెల్లు భయం ఉండదు. ఎండలు ముదిరిన నెలల్లో అది కూడా ఆపేసి, జూన్‌లో బళ్ళు తెరిచి ఎండలు తగ్గాక మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

కారు ఇక ఎక్కువ రోజులు ఇంటి దగ్గరే ఉంటుంది కాబట్టి వారానికోసారి 20, 30 నిమిషాలు ఆగకుండా నడపండి, బ్యాటరీ దిగిపోకుండా. నిలబెట్టిన చోటే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే పెట్రోలు దండగ, ఛార్జీ ఎక్కదు. టైర్ల గాలి మాత్రం నెలకి రెండుసార్లు చూసుకోవాలి.